సంకీర్తనము – పితృస్మరణము

వియోగదుఃఖ మెరుగని గృహము లోకమున లేదు. దినకర్మలు ముగియును. బంధువులు ఎవరి ఊళ్ళకు వారు వెడలిపోవుదురు. ఇల్లు నిశ్శబ్దమగును. పిమ్మట ఒకనాటి తెల్లవారుజామున ఆ ఇంటి కోడలు పొయ్యి వెలిగించుచు, తనకు తెలియకయే ఒక మేలుకొలుపు పాట ఎత్తుకొనును. రెండవ చరణమునకు వచ్చుసరికి కంఠము పూడుకొనిపోవును. ఆ పాట నిన్నటివరకు అత్తగారిది. ఆమె ఏ మాటను సాగదీసెడిదో, ఎక్కడ ఊపిరి తీసికొనెడిదో, అదంతయు పాటలో అట్లే ఉన్నది. పాడిన మనిషి మాత్రము లేదు.

ఇట్టి సమయమున పాటను ఆపవలెనా, పూర్తిచేయవలెనా?

ఇది చిన్న ప్రశ్నవలె తోచును గాని చిన్నది కాదు. ఏటిసూతకము పేరిట ఏడాదిపాటు నోరు మూసికొన్న ఇండ్లలో, ఏడాది గడచిన పిమ్మట కూడ పాట తిరిగి మొదలుకాకపోవుట కలదు. తంబుర గోడకు వ్రేలాడుచునే యుండును. చిడుతలు పెట్టె అడుగున చేరును. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి పరిసరగ్రామముల గృహములలో మంగళహారతులు, లాలిపాటలు, లక్ష్మణదేవర నవ్వు, ఊర్మిళాదేవి నిద్ర వంటి పాటలు తల్లినుండి కుమార్తెకు, అత్తనుండి కోడలికి నోటితో వచ్చినవే గాని పుస్తకము చూచి నేర్చినవి కావు. పాడువారు మానినచో పోయినవారితోపాటు పాటయు పోవును. కనుక ఈ విషయమున పెద్దల నడవడి ఎట్టిదో, శాస్త్రహృదయ మెట్టిదో విచారించుట అవసరము.

శోకము నుండి గానము

ఆదికావ్యమునకు పుట్టుకయే వియోగము. తమసానదీతీరమున బోయవాని బాణమునకు క్రౌంచపక్షులలో మగపక్షి కూలినది. ఆడపక్షి ఆక్రందనము విని వాల్మీకిమహర్షి హృదయము కరిగినది. ఆ శోకమే పాదబద్ధమై, తంత్రీలయలకు అనువగు శ్లోకమై వెలువడినది. మహర్షి దానిని అక్కడితో విడిచిపెట్టలేదు. బ్రహ్మదేవుని ఆజ్ఞచే ఆ ఛందస్సులోనే శ్రీరామకథను కూర్చెను. పక్షికొరకు పుట్టిన దుఃఖము భగవత్కథగా మారినది. శోకమును అణచివేయుట ఒక మార్గము, శోకములో మునిగిపోవుట మరియొక మార్గము. మహర్షి చూపినది మూడవ మార్గము. శోకమునకు భగవంతుని దిక్కుగా దారి చూపుటయే అది.

ఆ కావ్యమును పాడినవారెవరు? కుశలవులు. విన్నవారెవరు? శ్రీరామచంద్రుడు. సీతాదేవి తన చెంత లేని కాలమున, ఆమె చరిత్రమును ఆమె బిడ్డలే పాడుచుండగా రాముడు సభలో వినెను. తొలుత వారెవరో ఆయన ఎరుగడు. ఆ గానమువలననే వారు సీతాపుత్రులని తెలిసికొనెనని ఉత్తరకాండము చెప్పుచున్నది. ఎడబాసిన తండ్రిని బిడ్డలతో కలిపినది పాటయే. రాజసభలో యజ్ఞవేళ వియోగకథను గానముగా వినుట రామునికే దోషము కానప్పుడు, సామాన్యగృహస్థునకు ఎట్లు దోషమగును?

మధురకవి పాట

శ్రీవైష్ణవసంప్రదాయములో నాథమునుల చరిత్రము ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము. వీరనారాయణపురమున నున్న నాథమునుల చెవిని ఒకనాడు యాత్రికులు పాడిన పది పాశురములు పడినవి. అవి వేయింటిలో పది మాత్రమేయని ఆ పాటలోని కడపటి పాశురము తెలుపుచున్నది. తక్కినవి ఎక్కడ? పాడినవారికి తెలియదు. నాథమునులు వెదకుచు నమ్మాళ్వారుల జన్మస్థలమైన కురుగూరునకు పోయిరి. అక్కడను ఎవరికిని రావు. మధురకవియాళ్వారులు తమ గురువగు నమ్మాళ్వారులపై పాడిన పదకొండు పాశురములు మాత్రము ఆయన శిష్యపరంపరలో నిలిచియున్నవి. నాథమునులు చింతచెట్టు క్రింద కూర్చుండి వానినే పండ్రెండువేల మారులు అనుసంధించిరనియు, అంతట నమ్మాళ్వారులు యోగదశలో సాక్షాత్కరించి నాలుగువేల ప్రబంధమును అనుగ్రహించిరనియు గురుపరంపర చెప్పుచున్నది.

ఇందు గమనింపదగిన అంశము ఒకటి కలదు. పోయిన గురువును పిలిచినది ఏడుపు కాదు, గురువును గూర్చి శిష్యుడు పాడిన చిన్నపాట. వేయి పాశురములు మరుగుపడిన దేశమున ఆ పదకొండు నిలిచినవి. వానిని పట్టుకొని పోగా మొత్తము ప్రబంధము చేతికి వచ్చినది. నాథమునులు అంతటితో తృప్తిపడక, తమ మేనల్లుళ్ళ నిద్దరిని కూర్చుండబెట్టి పాశురములకు గానక్రమమును నేర్పిరి. మరల నోటిపరంపర తెగిపోరాదని వారి తాపత్రయము.

తాళ్ళపాకవారి ఆహ్వానము

మన తెలుగునాట ఈ విషయమునకు మకుటమువంటి ఉదాహరణము తాళ్ళపాకవారి ఇంటిలోనే కలదు. పదకవితాపితామహుడైన అన్నమాచార్యులు 1408లో జన్మించి, 1503లో దుందుభినామసంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు పరమపదించిరి. వారి కుమారుడు పెదతిరుమలాచార్యులు. తండ్రి తిథినాడు ఆ కుమారుడు చేసిన సంకీర్తనమొకటి రాగిరేకుల వలన మనకు దక్కినది.

ఆ కీర్తనములో విలాపము లేదు. తండ్రిని పేరుపెట్టి పిలిచి, తిథి వచ్చిన సంగతి గుర్తుచేసి, ఇంటికి విందునకు రమ్మని కుమారుడు వేడుకొనుచున్నాడు. ఒంటరిగా రమ్మనుట లేదు. అనంతుడు, గరుడుడు, నారదాది భాగవతులు, ఆళ్వారులు, నిత్యముక్తులు – వీరందరి నడుమనుండి, శ్రీవేంకటేశ్వరునితో కూడి విచ్చేయుమని ప్రార్థించుచున్నాడు. శ్రీవైష్ణవులు పెద్దల తిథిని తీర్థదివసమని ఏల అందురో ఈ ఒక్క కీర్తనము తెలియజేయును. ఆ దినము చావును తలచుకొను దినము కాదు, ఒక భాగవతుడు స్వామిని వెంటబెట్టుకొని తన ఇంటికి తానే అతిథియై వచ్చు దినము.

కుమారుడు అంతటితో ఊరకుండలేదు. తండ్రి పాటలు తాటాకులతో పోరాదని తలచి, తన సంపద వెచ్చించి వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున సంకీర్తనభాండారమున భద్రపరపించెను. మనుమడు చినతిరువేంగళనాథుడు తాతగారి చరిత్రమును ద్విపదలో రచించెను. మూడు తరములవారు ఒక గాయకుని ఇట్లు కాపాడుకొనిరి.

అయినను ఈ చరిత్రములో ఒక లోటు మిగిలియున్నది. రేకులపై మాట నిలిచినది, రాగము పేరు నిలిచినది. ఆ రాగములో అన్నమయ్య పాటను ఎట్లు నడిపెనో చెప్పు స్వరము వానిపై లేదు. పాడువారి పరంపర తెగిన పిమ్మట భాండారము మరుగున పడినది. ఇరువదవ శతాబ్దమున రేకులు వెలుగునకు వచ్చినవి. కృష్ణాజిల్లా పెదకళ్ళేపల్లివారైన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు (1888–1950) మొదలగు పండితులు పాఠమును పరిష్కరించిరి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) వంటి విద్వాంసులు పెక్కు కీర్తనములకు క్రొత్తగా స్వరరచన చేసిరి. నేడు ఇంటింట వినబడు అన్నమయ్య పాటలలో మాట ఆయనది, వరుస చాలమట్టుకు తరువాతివారిది. వేలకొలది కీర్తనముల మాటలను కాపాడిన రాగి వాని వరుసను కాపాడజాలకపోయెను. వరుసను కాపాడగలిగినది శిష్యుని కంఠమొక్కటియే.

కొల్లేటి సీమలో

ఇట్టి కంఠపరంపరకు కొల్లేటికి దక్షిణమున నున్న గుడివాడ ప్రాంతమున ఒక ప్రసిద్ధోదాహరణము కలదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4వ తేదీన గుడివాడ సమీపమున చౌటపల్లిలో జన్మించిరి. తండ్రి సూర్యనారాయణగారు నారాయణతీర్థుల తరంగములు పాడుచుండగా బాలుడు చిందులు వేసెడివాడు. ఊరివారు ముచ్చటపడి బాలభరతుడని పిలిచెడివారు. ఘంటసాలవారికి పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. కుమారుడు సంగీతవిద్వాంసుడు కావలెనన్నదే ఆ తండ్రి చివరి కోరిక. ఆ మాట పట్టుకొని బాలుడు విజయనగరము చేరెను. వారాలు చేసికొని, మధూకరమెత్తి, పట్రాయని సీతారామశాస్త్రిగారి వాత్సల్యమున సంగీతము నేర్చెను. తండ్రి ఇచ్చిపోయిన ఆస్తి పొలము కాదు, ఇల్లు కాదు, ఒక తరంగము, ఒక కోరిక. దానితోనే ఆయన తెలుగువారందరికి చిరపరిచితుడయ్యెను.

ఆయన తన జీవితపు చివరి దినములలో భగవద్గీతాశ్లోకములను తెలుగు తాత్పర్యముతో గానము చేసెను. 1974 ఫిబ్రవరి 11వ తేదీన పరమపదించెను. ఆ గీతాగానము నేటికిని ఊరూర మ్రోగుచున్నది. అయితే అది ఎక్కువగా మృత్యువు సంభవించిన ఇంటనే వినబడుచుండుటచే, పిల్లలు ఆ కంఠము వినగానే ‘ఎవరు పోయినారు?’ అని అడుగు దుస్థితి ఏర్పడినది. తెల్లవారుజామున గీత వినదలచినవారు ఇరుగుపొరుగువారు అశుభమనుకొందురేమోయని వెనుదీయుచున్నారు. ఇది సరికాదు. గీత మరణించినవానికి చెప్పినది కాదు. యుద్ధభూమిలో విల్లు జారవిడిచి దుఃఖించుచున్న జీవించియున్న మనుజునకు, లేచి తన విధిని నెరవేర్చుమని స్వామి ఉపదేశించినది. మృతుని ఇంట దానిని వినిపించుటలోని ప్రయోజనము మిగిలినవారిని లేపుటయే. లేచినవారు మరునాడును, ఆ మరునాడును వినవలెను గదా!

ద్వారకాతిరుమలకు కాలినడకన పోవు భజనబృందములలోను ఈ పరంపర కనబడును. ఏలూరునుండి సుమారు 40 కిలోమీటర్ల ఆ దారిలోను, భీమడోలు, తాడేపల్లిగూడెముల దారులలోను ఒకరు చరణము చెప్పగా తక్కినవారు అందుకొందురు. ఏండ్లతరబడి ముందు నడచి పాడిన పెద్ద గతించినచో, మరియొకరు ఆ చిడుతలను చేతబట్టుదురు. మెట్టు ఎక్కునప్పుడు ‘ఇది తాతగారి పాట’ అని చెప్పి మరీ ఎత్తుకొందురు. పాటలో తాతగారి పేరు లేదు. ఉన్నది గోవిందనామమే. అయినను ఆ నామముతో ఆయనయు నడచుచున్నట్లు బృందమువారికి తోచును.

ఒక సందేహము

ఇక్కడ ఒక ఆక్షేపణము రాగలదు. పోయినవారిని ఇట్లు పదేపదే తలచుకొనుట మోహము కాదా? భాగవతమున జడభరతుని కథ కలదు. రాజ్యము విడిచి అడవికి పోయిన ఆ మహాత్ముడు ఒక లేడిపిల్లపై మమత పెంచుకొని, దానినే తలచుచు ప్రాణము విడిచి లేడియై పుట్టెను. స్మరణము బంధించునని అందు తేటపడుచున్నది. మరి పాట పేరిట స్మరణమును పెంచుకొనుట ఎట్లు తగును?

సమాధానము ఆ కథలోనే కలదు. భరతుడు ‘నా లేడి’ అని తలచెను. స్మరణమంతయు లేడివద్దనే ఆగిపోయినది. పెదతిరుమలాచార్యులు ‘నా తండ్రి’ అని పిలిచియు అక్కడ ఆగక, ఆ తండ్రి పక్కన నున్న వేంకటేశ్వరుని వరకు పోయెను. ఆగిన స్మరణము బంధము. సాగిన స్మరణము భక్తి.

కొల్లేటి ప్రాంతమువారికి దీనిని నీటితో చెప్పిన సులభముగా తెలియును. తమ్మిలేరు, బుడమేరు మొదలగు ఏరులు కొల్లేటిలోనికి నీరు తెచ్చును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు చేర్చును. ఉప్పుటేటి దారి మూసికొన్నచో వచ్చిన నీరు వెనుకకు తన్ని చేలు మునుగును, ఇండ్లు మునుగును. తప్పు వచ్చిన నీటిది కాదు, పోవుదారి లేకపోవుటది. వియోగదుఃఖము హృదయములోనికి రాక తప్పదు. భగవత్సంకీర్తనము దానికి ఉప్పుటేరు.

మరియొక సూక్ష్మము కలదు. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి కుమారుడు తండ్రిని సమీపించి బ్రహ్మమును గూర్చి అడుగుటతో ఆరంభమగును. చివరకు ఆనందమయాత్మను చేరిన జ్ఞాని సామగానము చేయుచుండుటతో ముగియును. తండ్రి ఉపదేశముతో మొదలైన విద్యకు ఫలము పాట. ముక్తుడు పరమపదమున చేయుపని గానమని శ్రుతియే చెప్పుచున్నది. అట్లైన, ఇక్కడి ఇంటికిని అక్కడి లోకమునకును సమానముగా నున్నది ఏది? ఇక్కడి ధనము అక్కడ లేదు. ఇక్కడి దేహము లేదు. ఇక్కడి మాటలలోను పెక్కు అక్కడ అక్కరలేదు. భగవద్గుణగానమొక్కటి ఇక్కడను కలదు, అక్కడను కలదు. పోయిన పెద్ద అక్కడి గోష్ఠిలో పాడుచుండగా, మిగిలినవారు ఇక్కడి గోష్ఠిలో అందుకొనుచున్నారు. కనుక పాడుట పోయినవారిని వెనుకకు లాగుట కాదు. వారు పాడుచున్న పాటలో తామును గొంతు కలుపుట.

కనబడనివారు లేనివారు కారని ద్వారకాతిరుమల స్వామియే బోధించుచున్నాడు. అక్కడి స్వయంభూమూర్తికి వక్షస్థలమువరకే దర్శనము. శ్రీపాదములు పుట్టలో నున్నవి. కనబడవని పాదములు లేవనువారు ఎవరును లేరు. పాదసేవకొరకు ఆర్తిపడిన భక్తుల నిమిత్తము వెనుకవైపున నిలువెత్తు మూర్తిని శ్రీరామానుజులవారు ప్రతిష్ఠించిరని పెద్దలు చెప్పుదురు. అందుచేతనే అక్కడ ఏటేట వైశాఖమున ఒకటి, ఆశ్వయుజమున ఒకటి, రెండు కల్యాణోత్సవములు జరుగుచున్నవి. పెద్దలు మన కంటికి మరుగైన పాదములవంటివారు. వారు నేర్పిన పాట కంటికెదుట నిలిచిన మూర్తివంటిది.

గృహస్థులు చేయదగినది

ఈ విచారణవలన తేలిన కర్తవ్యములు కొన్ని కలవు.

మొదటిది: పెద్దలు జీవించియుండగనే వారి పాటలు నేర్చుకొనవలెను. చేతిలోని యంత్రములో వారి గొంతు పట్టి దాచుట మంచిదే. కాని అది రాగిరేకువంటిది. మాటను దాచును, విన్నవాని నోటికి వరుసను తనంత తాను తేజాలదు. రోజునకొక చరణము చొప్పున మనుమరాలు బామ్మవద్ద కూర్చుండి పాడినచో, బామ్మకు పొద్దుపోవును, పాటకు ఆయువు పెరుగును.

రెండవది: ఒక నోటుపుస్తకములో ఇంటి పాటలన్నింటిని వ్రాసి, ప్రతిపాట క్రింద దానిని ఎవరు ఎవరికి నేర్పిరో వ్రాయవలెను. గోత్రప్రవరలు చెప్పుకొనునట్లే పాటకును ప్రవర ఉండవలెను.

మూడవది: ఏటిసూతకమున పండుగలు, వేడుకలు మానవచ్చును గాని భగవన్నామమును మానరాదు. నామస్మరణమునకు ఆశౌచము లేదు. కచేరీ వేరు, దీపమునొద్ద మెల్లగా పాడుకొను కీర్తనము వేరు.

నాల్గవది: తిథినాడు వంటలు, దక్షిణలు, భోక్తల ఏర్పాట్లతోపాటు, పోయినవారికి ప్రియమైన ఒక కీర్తనమును ఇంటివారందరు కూర్చుండి పాడవలెను. ప్రబంధసేవాకాలము జరిపించుకొను శ్రీవైష్ణవగృహములలో ఇది సహజముగనే జరుగుచున్నది. తక్కినవారు ఒక్క పాటయైనను పాడుకొనవచ్చును. అపస్వరము పలికినను దోషము లేదు. విందునకు పిలుచువాని గొంతు బాగుండవలెనని అతిథి కోరడు.

ఇక మొదట అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. మేలుకొలుపు పాడుచు రెండవ చరణమున ఆగిపోయిన ఆ కోడలు కన్నీరు తుడుచుకొని పాట పూర్తిచేయవలెను. ఆ పాట అత్తగారిని మేలుకొలుపుటకు పుట్టినది కాదు. అత్తగారును ప్రతి ఉదయము స్వామినే మేలుకొలిపినది. నిన్న ఆమె చేసిన కైంకర్యము నేడు కోడలి వంతునకు వచ్చినది. తలుపుచాటున నిలిచి వినుచున్న చిన్నపిల్ల రేపటికి ఆ పల్లవిని పట్టుకొనును. అది చాలును.

శ్రీనివాసార్పణమస్తు.